పోలీసు డీఎన్‌ఏ డేటాబేసు: ఏది ఉంచాలి, ఎంతకాలం ఉంచాలి, ఎవరు వెతకాలి?

సుహాసిని (చర్చ మొదలుపెట్టినవారు)

డీఎన్‌ఏ డేటాబేసు మాట వస్తే చాలు, రెండు జట్లుగా విడిపోతాం. "తప్పు చేయనివాడికి భయమెందుకు" అని ఒక జట్టు, "నా ఒంట్లో రాసి ఉన్నది పోలీసుల చేతికెందుకు" అని రెండో జట్టు. ఈ రెండు మాటలు పట్టుకుని ఒక్క నిబంధన కూడా రాయలేం. అందుకే ప్రశ్నను ముక్కలు చేసి అడుగుతున్నాను.

మనిషి నుంచి తీసుకున్న నమూనాను, ప్రొఫైల్ తయారయ్యాక ఏం చేయాలి? కేసు నిలబడకపోతే ప్రొఫైల్ ఎప్పుడు పోవాలి, తీసే బాధ్యత ఎవరిది? బంధువుల ద్వారా నేరస్థుణ్ణి వెతకడం ఒప్పుకోవచ్చా? ల్యాబ్, కోర్టు, సర్వర్ల పని తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. అంకెలతో, పద్ధతులతో చెప్పండి. ఏ పక్షం చెప్పినా సరే, కారణం కూడా చెప్పండి.

ఫణి_ల్యాబ్

అన్నిటికన్నా ముందు నమూనా వేరు, ప్రొఫైల్ వేరు అని గట్టిగా పట్టుకోవాలి. సగం గొడవ ఈ రెండూ కలిపేయడం వల్లే.

బుగ్గ లోపల స్వాబ్ రుద్ది తీసిన కణాల్లో ఆ మనిషి జన్యు సమాచారం మొత్తం ఉంటుంది. ప్రొఫైల్ అంటే అందులో కొన్ని చోట్ల ఒక చిన్న ముక్క ఎన్నిసార్లు వరసగా వచ్చిందో తీసిన లెక్క మాత్రమే. టీహెచ్01 అనే స్థానంలో 6, 9 అని ఉందనుకోండి, వాటిలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చినవి. ఇలాంటి జతలు, వాటితోపాటు ఆడా మగా తెలిపే అమెలోజెనిన్, అంతే. బ్రిటన్ 1995లో 6 స్థానాలతో మొదలుపెట్టి 1999లో 10కి, 2014లో 16కి పెంచింది. అమెరికా జాతీయ వ్యవస్థ 1998లో 13తో మొదలైంది, 2017 జనవరి 1 నుంచి 20 స్థానాలు. ఒక మనిషి ప్రొఫైల్ మొత్తం ఒక పోస్టుకార్డులో పట్టేస్తుంది.

నమూనా అంటించి దాచే కార్డు అలా కాదు. రేపు ఎలాంటి యంత్రం వచ్చినా దాన్ని మళ్లీ చదవచ్చు. జబ్బులు, వంశం, రూపం అన్నీ అందులోనే ఉన్నాయి. కాబట్టి నా మాట: ప్రొఫైల్ తయారై, నాణ్యత పరీక్ష దాటాక నమూనాను నాశనం చేయాలి. నమూనా తీసుకున్న ఆరు నెలల లోపు ఆ పని చేయాలని బ్రిటన్ 2012 చట్టం అంటుంది. ఆ చట్టం అమలుకు సిద్ధమవుతూ అక్కడ 77 లక్షలకు పైగా నమూనాలు నాశనం చేశారు. వ్యవస్థ కూలిపోలేదు.

దర్యాప్తు_వలి

ఫణి గారూ, ఒక చిక్కు మీరు వదిలేశారు. 6 స్థానాల కాలంలో తీసిన ప్రొఫైల్‌ను ఇవాళ 16 స్థానాలకు పెంచాలంటే నమూనా కావాలి. అది పారేస్తే పాత రికార్డు పాతదిగానే మిగిలిపోతుంది, బలహీనమైన సరిపోలికలు ఇస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ డేటాబేసులు చేసే మేలును తక్కువ చేయకండి. నేరస్థుల నమోదును డెన్మార్క్ 2005లో విస్తరించింది. ఆ తర్వాత చేసిన అధ్యయనంలో, ప్రొఫైల్ నమోదైన వాళ్లు ఏడాదిలోపు మళ్లీ నేరం చేయడం 42 శాతం దాకా తగ్గిందని తేలింది. దొరికిపోతామన్న భయం శిక్ష తీవ్రత కన్నా బాగా పనిచేస్తుంది. ఇంగ్లండులో లెస్టర్ దగ్గర ఇద్దరు బాలికల హత్యల కేసులో డీఎన్‌ఏ ముందుగా చేసిన పని, నేరం ఒప్పుకున్న ఒక కుర్రాడు నిర్దోషి అని తేల్చడం. అసలు హంతకుడికి 1988లో శిక్ష పడింది. ఇది నిర్దోషులను కాపాడే పనిముట్టు కూడా.

ఫణి_ల్యాబ్

స్థానాల విషయం నిజమే వలి గారూ. కానీ దానికి నమూనా దాచడమే దారి కాదు. పాత ప్రొఫైల్‌తో సరిపోలిక వచ్చినప్పుడు దాన్ని ఆచూకీగా మాత్రమే చూడాలి. ఆ మనిషి నుంచి కొత్త స్వాబ్ తీసుకుని, కొత్త కిట్‌తో పూర్తి స్థానాలు చేసి, అప్పుడు పోల్చాలి. కార్డు తారుమారైందేమో చూసుకోవడానికి ఈ రెండో స్వాబ్ ఎలాగూ తీయాలి. ఎవరి పేరు మీద ఎవరి కార్డు పడిందో తెలియకుండా కోర్టుకెళ్లడం కన్నా ప్రమాదం లేదు.

గణితం_వాసు

ఆ పాత ప్రొఫైళ్ల సంగతి అంకెల్లో చూడండి. "కోట్లలో ఒకరికే కలుస్తుంది" అన్నమాట ఒక మనిషిని ఘటనా స్థలంలో దొరికిన ఒక మరకతో పోల్చినప్పటిది. డేటాబేసులో అందరినీ అన్నిటితో పోలుస్తాం.

పది లక్షల మంది ప్రొఫైళ్లు, లక్ష ఘటనా స్థలాల మరకలు ఉన్నాయనుకుందాం. పోలికలు పది వేల కోట్లు. యాదృచ్ఛికంగా కలిసే అవకాశం 5 కోట్లలో ఒకటి అయితే, ఏ సంబంధమూ లేకుండా కలిసేవి దాదాపు 2,000 వస్తాయి. అదే మరక పాడైపోయి సగం స్థానాలే చదవగలిగి, అవకాశం 10 లక్షల్లో ఒకటికి పడిపోతే, లక్ష తప్పుడు సరిపోలికలు. పూర్తి స్థానాలు చదివి, వంద కోట్లలో ఒకటి అనుకున్నా ఇంకా వంద మిగులుతాయి. లక్ష కోట్లలో ఒకటి దాకా వెళ్తేనే ఆ సంఖ్య సున్నా దగ్గరికి చేరుతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1999లో బ్రిటన్‌లో 6 స్థానాలు కలిశాయని ఒకరి మీద దొంగతనం కేసు పెట్టారు. ఆ అవకాశం 3.7 కోట్లలో ఒకటి. ఆయన పార్కిన్సన్స్ రోగి, నేరం జరిగిన ఊరు రెండొందల మైళ్ల దూరం. 10 స్థానాల పరీక్ష చేశాక గానీ బయటపడలేదు.

అంటే డేటాబేసులో సంబంధం లేని ప్రతి మనిషినీ చేర్చుకుంటూ పోతే తప్పుడు సరిపోలికలు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయి. పెద్ద డేటాబేసు అంటే బలమైన డేటాబేసు అనుకోవడం పొరపాటు. గోప్యత కోసం చిన్నదిగా ఉంచడమూ, నాణ్యత కోసం చిన్నదిగా ఉంచడమూ ఇక్కడ ఒకే దారిలో నడుస్తాయి.

మాధవి_చట్టం

వాసు గారు చెప్పినదాన్నే కోర్టులు హక్కుల భాషలో చెప్పాయి. 2008 డిసెంబరు 4న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 17 మంది జడ్జీల ధర్మాసనం, ఎస్ మరియు మార్పర్ కేసులో, బ్రిటన్‌ను తప్పుపట్టింది. విషయం సూటిగా ఉంది: నిర్దోషులుగా తేలినవారి ప్రొఫైళ్లు, నమూనాలు నేరం ఏదైనా, వయసు ఎంతైనా, గడువన్నదే లేకుండా ఉంచేయడం గోప్యత హక్కుకు విరుద్ధం.

దాని తర్వాత వచ్చిందే ఫణి గారు చెప్పిన 2012 చట్టం. అందులో మెట్లు చూడండి, నిబంధన రాసేవాళ్లకు పనికొస్తాయి. చిన్న నేరానికి అరెస్టయి దోషి కానివాడి ప్రొఫైల్‌ను పాత మరకలతో ఒకసారి పోల్చి తీసేయాలి. తీవ్రమైన నేరానికి అభియోగం నమోదై, దోషిగా తేలకపోతే 3 ఏళ్లు. జడ్జి అనుమతిస్తే మరో 2 ఏళ్లు, ఒక్కసారే. అభియోగమే లేకుండా, తీవ్రమైన నేరంలో అరెస్టు మాత్రమే అయితే, స్వతంత్ర కమిషనర్ ఒప్పుకుంటేనే ఉంచాలి. ఇలా 17 లక్షలకు పైగా ప్రొఫైళ్లు తొలగించారు.

వలి గారి ఆందోళనకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అంత తొలగింపు తర్వాత కూడా, కొత్తగా చేర్చిన మరకల్లో ఎవరో ఒకరితో కలిసేవి 60 శాతానికి పైనే ఉన్నాయి, పడిపోలేదు. మరకను బాగా సేకరించడం వల్ల వచ్చే ఫలితం, నిర్దోషుల ప్రొఫైళ్లు పోగుచేయడం వల్ల రాదు.

దోషుల విషయంలోనూ గడువు లేకపోతే కుదరదని తర్వాతి తీర్పులు చెప్పాయి. 2020లో గారన్ కేసు, తాగి బండి నడిపినందుకు జీవితాంతం ప్రొఫైల్ ఉంచడం తప్పని. 2024 జనవరి 30న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, మధ్యమధ్య పునఃపరిశీలన లేకుండా చచ్చిపోయేదాకా ఉంచకూడదంది. జర్మనీలో ఈ పునఃపరిశీలన పెద్దలకు పదేళ్లకు, మైనర్లకు ఐదేళ్లకు. భారతదేశం 2022 చట్టం 75 ఏళ్లు పెట్టింది. విచారణ లేకుండా వదిలేసినా, కోర్టు నిర్దోషి అన్నా, అప్పీళ్లన్నీ ముగిశాక తీసేయాలని రాసింది, కోర్టో మేజిస్ట్రేటో వేరేగా ఆదేశిస్తే తప్ప.

సర్వర్_రఘు

చట్టంలో "తీసేయాలి" అని రాయడం వరకూ బాగానే ఉంటుంది. అసలు తేడాలు సర్వర్ దగ్గర మొదలవుతాయి, కొంచెం వివరంగా చెబుతాను.

తొలగింపు ఆదేశం కోర్టు నుంచి బయల్దేరుతుంది, రికార్డు ల్యాబ్ దగ్గర ఉంటుంది. మధ్యలో పేరు స్పెల్లింగ్ మారినా, కేసు పై కోర్టుకు వెళ్లి నంబరు మారినా రెండూ కలవవు. తొలగింపు ఫైలు "వివరాలు సరిపోలలేదు" దగ్గర ఆగిపోతుంది, ఏళ్ల తరబడి. దోషి కానివాడే స్వయంగా ధ్రువీకరించిన కోర్టు కాగితం తెచ్చి అడగాలనే పద్ధతి ఇంకా అన్యాయం. దరఖాస్తు చేసేవాళ్లు చాలా తక్కువ, తెలియనివాళ్లే ఎక్కువ.

నా సూచన దీన్ని తలకిందులు చేయడం. గడువు తేదీ లేని రికార్డును సిస్టం అసలు తీసుకోకూడదు. అభియోగం, శిక్ష లాంటివి నమోదైతేనే గడువు ముందుకు జరగాలి. కాగితం రాకపోతే రికార్డు దానంతటదే పోతుంది. అప్పుడు బద్ధకం ఖర్చు పౌరుడి మీద కాకుండా సంస్థ మీద పడుతుంది.

తర్వాత కాపీలు. ల్యాబ్ యంత్రంలో ఒక పరుగులో 96 గుంతల ప్లేటు నడుస్తుంది. అందులో కొలతకు పెట్టే నిచ్చెన, పరీక్ష సరిగ్గా నడిచిందో చూపే పాజిటివ్, నెగెటివ్ కంట్రోళ్లు పోగా ఎనభైకి పైగా మనుషులవే. ఒకరిని తీసేయాలంటే యంత్రం ముడి ఫైలు, విశ్లేషణ ప్రాజెక్టు, ముద్రించిన రిపోర్టు, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ పట్టిక, సెంట్రల్ డేటాబేసు, ఇతర రాష్ట్రానికో దేశానికో పంపిన కాపీ, బ్యాకప్ టేపు, అన్నీ ముట్టుకోవాలి. పట్టికలో వరస చెరిపేసి "తీసేశాం" అని సర్టిఫికెట్ ఇవ్వడం మోసమే.

బ్యాకప్‌కు రెండు దారులున్నాయి. ప్రతి రికార్డుకు వేరే ఎన్‌క్రిప్షన్ తాళం పెట్టి, గడువు రాగానే తాళాన్నే నాశనం చేయడం ఒకటి. తొలగించిన రికార్డు నంబర్ల జాబితా పెట్టుకుని, బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించిన ప్రతిసారీ ముందు ఆ జాబితా నడపడం రెండోది. ఆ జాబితాలో నంబరు తప్ప పేరు ఉండకూడదు. రెండోది చేయకపోతే సర్వర్ పాడై పునరుద్ధరించిన రోజున తీసేసినవాళ్లందరూ తిరిగొస్తారు.

దర్యాప్తు_వలి

గడువు తేదీ సూచన నాకు నచ్చింది. ఒక షరతు. తీసేసే ముందు పాత మరకలన్నిటితో ఒక్కసారి పోల్చాలి, బ్రిటన్‌లో లాగే. ఆ రోజు కలవకపోతే వదిలేద్దాం.

మాధవి_చట్టం

ఒక్కసారి, అదీ తీవ్ర నేరాల మరకలతో, వెతుకులాటల చిట్టా అయిన లాగ్‌లో నమోదై. అంతవరకైతే అభ్యంతరం లేదు.

సుహాసిని

చాలా ఉపయోగం. ఇక బంధువుల వెతుకులాటకు వద్దాం. నాకు ఇదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. డేటాబేసులో లేని మనిషిని, అందులో ఉన్న తమ్ముడి ద్వారా పట్టుకోవడం సరైనదేనా?

వంశవృక్షం_నీరజ

రెండు వేర్వేరు పనులను జనం ఒకే పేరుతో పిలుస్తున్నారు.

మొదటిది పోలీసు డేటాబేసు లోపలే చేసేది. తండ్రీ కొడుకులకు ప్రతి స్థానంలో కనీసం ఒక అంకె కలుస్తుంది. అన్నదమ్ములకు కలవడం ఎక్కువతక్కువలుగా ఉంటుంది. మరకకు దగ్గరగా ఉన్న ప్రొఫైళ్లను వరస పెడితే పెద్ద జాబితా వస్తుంది, అందులో ఎక్కువమందికి ఏ సంబంధమూ ఉండదు. కాలిఫోర్నియా పద్ధతిలో దాన్ని వై క్రోమోజోమ్ పరీక్షతో వడపోస్తారు. తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వెళ్తుంది కాబట్టి సంబంధం లేనివాళ్లు దాదాపు అందరూ రాలిపోతారు. లాస్ ఏంజెలెస్ వరుస హత్యల నిందితుణ్ణి 2010లో అలా కొడుకు ప్రొఫైల్ ద్వారానే గుర్తించారు. మరోపక్క మేరీల్యాండ్ 2008లోనే ఈ పద్ధతిని నిషేధించింది.

రెండోది, బంధువులను కనుక్కోవడానికి జనం తమ డీఎన్‌ఏ వివరాలు పెట్టే వంశావళి వెబ్‌సైట్లలో వెతకడం. ఇక్కడ 20 స్థానాలు కాదు, లక్షల జన్యు గుర్తులు చదువుతారు. నాలుగు తరాల పైన ఒకే దంపతులు పూర్వీకులుగా ఉన్న దూరపు బంధువు దొరికినా చాలు. వాళ్లు పంచుకునేది సగటున ఒక శాతం లోపే, అయినా అక్కడినుంచి జనన మరణ రికార్డులతో వంశవృక్షం కట్టుకుంటూ కిందికి దిగుతారు. 2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో పాత వరుస నేరస్థుణ్ణి పట్టుకున్నది ఇలాగే, జెడ్‌మ్యాచ్ అనే సైట్ ద్వారా. అదే ఏడాది వచ్చిన పరిశోధనలో, దాదాపు 13 లక్షల మంది ఉన్న ఒక డేటాబేసులో వెతికితే, యూరోపియన్ మూలాలున్న అమెరికన్లలో 60 శాతం మందికి అంత దూరపు బంధువో, ఇంకా దగ్గరివాళ్లో దొరుకుతారని తేలింది. వాళ్లలో చాలామంది ఏ సైటుకూ పరీక్షకు ఉమ్మి పంపనివాళ్లే.

కాబట్టి "ఇష్టమైతేనే ఇవ్వండి" అన్న సమ్మతి ఇక్కడ సరిపోదు. ఒకరు ఇచ్చే సమ్మతి నూరుమంది బంధువుల తలుపు తీస్తుంది. 2019 మేలో ఆ సైటు, పోలీసులు చూడాలంటే సభ్యుడు విడిగా ఒప్పుకోవాలని నియమం మార్చింది. కొద్ది నెలల్లోనే ఫ్లోరిడాలో ఒక జడ్జి వారెంటు ఇచ్చి, ఒప్పుకోనివాళ్ల డేటా కూడా తెరిపించారు. సైటు నియమాల మీద ఆధారపడకూడదని నేను అనడానికి కారణం ఇదే, చట్టమే కావాలి.

ఆచరణకు పనికొచ్చే షరతులు కొన్ని ఇప్పటికే రాసి ఉన్నాయి. అమెరికా న్యాయశాఖ 2019 విధానం: హత్య, లైంగిక హింస లాంటి హింసాత్మక నేరాలు, గుర్తు తెలియని మృతదేహాలు. ముందు పోలీసు డేటాబేసులో వెతికి విఫలమై ఉండాలి. సరిపోలిక ఆచూకీ మాత్రమే, అరెస్టుకు ముందు ఫణి గారు చెప్పిన మామూలు ప్రొఫైల్ పరీక్షతో (ఎస్‌టీఆర్) నిర్ధారించాలి. మేరీల్యాండ్ 2021 చట్టం దానికి జడ్జి పర్యవేక్షణ కలిపింది. నేనైతే ఇంకోటి కోరతాను: చెట్టు కట్టేటప్పుడు పేర్లు రాసుకున్న నిర్దోషి బంధువులందరి వివరాలు కేసు ముగిశాక నాశనం చేయాలి. ఆ కాగితాలను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

మాధవి_చట్టం

నీరజ గారి మాటకు తోడుగా, లెక్కలోకి రాని ఇంకో జాబితా: బాధితులవి.

అత్యాచార కేసులో బాధితురాలి నుంచి, ఇంట్లో దొంగతనం జరిగితే ఆ ఇంటివాళ్ల నుంచి, మరకలోంచి వాళ్ల భాగం వేరు చేయడానికి నమూనా తీస్తారు. 2022 ఫిబ్రవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో బయటపడిందేమిటంటే, ఏళ్ల క్రితం అత్యాచార బాధితురాలిగా ఒక మహిళ ఇచ్చిన డీఎన్‌ఏతోనే ఆమెను ఒక ఆస్తి నేరంలో నిందితురాలిని చేశారు. ఆ కేసు వదిలేశారు, అదే ఏడాది కాలిఫోర్నియా అలా వాడకూడదని చట్టం చేసింది. ఇలాంటి వార్త ఒక్కటి చాలు, తర్వాతి బాధితురాలు ఆసుపత్రికి రాకుండా ఆగిపోవడానికి. గోప్యత పోతే నేర నివారణ కూడా పోతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

నిబంధనలో ఈ వాక్యం తప్పకుండా ఉండాలి: బాధితుల, సాక్షుల, స్వచ్ఛందంగా ఇచ్చినవారి ప్రొఫైల్ ఆ ఒక్క కేసు ఫైల్లోనే ఉండాలి, వెతికే సూచికలోకి ఎక్కించే బటనే ఉండకూడదు.

ఫణి_ల్యాబ్

ఒక్క మినహాయింపు: ల్యాబ్ సిబ్బంది, ఘటనా స్థలానికి వెళ్లే పోలీసులు, స్వాబులు తయారుచేసేవాళ్లు. వీళ్ల ప్రొఫైళ్లు విడిగా ఒక వడపోత జాబితాలో ఉండాలి, కలుషితాన్ని పట్టుకోవడానికి మాత్రమే.

ఎందుకో చెబుతాను. ఇప్పటి కిట్లకు అర నానోగ్రాము నుంచి ఒక నానోగ్రాము దాకా చాలు. ఒక కణంలో దాదాపు 6.6 పికోగ్రాములు (వెయ్యి పికోగ్రాములు ఒక నానోగ్రాము), అంటే నూటయాభై కణాలతో మంచి ప్రొఫైల్ వస్తుంది. వంద పికోగ్రాముల కిందికి, అంటే పదిహేను కణాలకు దిగితే ఉండాల్సిన అంకె మాయమవడం, లేని అంకె పుట్టుకురావడం మొదలవుతుంది. ఇంత సున్నితమైన యంత్రం నేరస్థుడి కణాలనూ, స్వాబ్ ప్యాక్ చేసినవాళ్ల కణాలనూ ఒకేలా చదువుతుంది.

జర్మనీలో హైల్‌బ్రాన్ కేసు గుర్తుంది కదా. దాదాపు నలభై నేరస్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్‌ఏ. ఏళ్ల తరబడి వెతికాక 2009లో తేలింది, అది స్వాబుల తయారీలో పనిచేసిన ఆమెది. ఆ స్వాబులు స్టెరైల్ చేసినవే. స్టెరైల్ అంటే సూక్ష్మజీవులు చచ్చాయని, డీఎన్‌ఏ పోయిందని కాదు. ఆ తర్వాతే 2016లో, ఇలాంటి సామగ్రిలో మనుషుల డీఎన్‌ఏ కలవకుండా చూసే ఐఎస్ఓ 18385 ప్రమాణం వచ్చింది. కొనుగోలు ఆర్డరులో ఆ నంబరు రాయించండి. కాలిఫోర్నియాలో ఒకాయన, హతుడి మీద తన డీఎన్‌ఏ దొరకడంతో, 2012 నాటి హత్య కేసులో నెలల తరబడి జైల్లో ఉన్నాడు, హత్య జరిగిన సమయానికి ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయనకు చికిత్స చేసిన అంబులెన్సు సిబ్బందే తర్వాత హతుడి దగ్గరికి వెళ్లారు.

సరిపోలిక చెప్పేది కణాలు ఎవరివో మాత్రమే. అక్కడికి ఎలా చేరాయో చెప్పదు.

గణితం_వాసు

ఇంకో భరోసా కూడా సరిచూసుకోవాలి. "ప్రొఫైల్‌లో అంకెలే, అందులోంచి ఏమీ తెలియదు" అంటారు. 2017లో వచ్చిన పరిశోధనలో 872 మందికి సంబంధించిన 13 స్థానాల ప్రొఫైళ్లను, వేరే చోట ఉన్న జన్యు గుర్తుల రికార్డులతో 90 శాతానికి పైగా కచ్చితత్వంతో జతచేయగలిగారు. రెండింట్లో ఉమ్మడి గుర్తు ఒక్కటీ లేకుండానే. కాబట్టి ప్రొఫైల్‌ను కూడా వ్యక్తిగత జన్యు సమాచారంగానే చూడాలి. పేరు తీసేసినంత మాత్రాన అనామకం కాదు.

సర్వర్_రఘు

అందుకే పేరు ఒక సర్వర్లో, ప్రొఫైల్ ఇంకో సర్వర్లో ఉండాలి. అమెరికా జాతీయ సూచికలో పేరు ఉండదు, సంస్థ గుర్తు, నమూనా నంబరు, ప్రొఫైల్, పరీక్షించినవారి వివరం మాత్రమే. కలిసినప్పుడు రెండు ల్యాబులు మాట్లాడుకుని నిర్ధారించుకున్నాకే పేరు బయటికొస్తుంది. యూరప్‌లో దేశాల మధ్య ప్రూమ్ ఒప్పందమూ ఇదే నమూనా, మొదట కలిసిందా లేదా అన్న జవాబే వెళ్తుంది.

లాగ్ గురించి: ప్రతి వెతుకులాటకూ కేసు నంబరు, ఉద్దేశం, అడిగినవారు, ఒప్పుకున్నవారు. ఇద్దరూ ఒకరే కాకూడదు. ఆ లాగ్‌ను డేటాబేసు నడిపే సంస్థ మార్చలేని చోట ఉంచాలి. ఏటా ఎన్ని వెతికారు, ఎన్ని కలిశాయి, వాటిలో ఎన్ని తప్పు, ఎన్ని తొలగింపులు ఆలస్యమయ్యాయి, ఈ నాలుగు అంకెలు బయటపెట్టాలి. చివరిదే అందరూ దాచేది.

దర్యాప్తు_వలి

మనుషుల నమూనాల నాశనానికి నేను ఒప్పుకుంటున్నాను. కానీ ఘటనా స్థలం మరక మాత్రం తీర్పు వచ్చినా ఉంచాలి. శిక్షపడ్డ నిర్దోషి ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించమంటే అదొక్కటే ఆధారం.

ఫణి_ల్యాబ్

పూర్తిగా ఒప్పుకుంటాను, అది మనిషి నుంచి తీసుకున్నది కాదు, సాక్ష్యం. మొదటి పరీక్షకే మరకంతా వాడేయకూడదు, కొంత ముట్టుకోకుండా విడిచిపెట్టాలి. రక్తం అంటిన బట్టను బాగా ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తడి నిలిచి బూజు పట్టి, డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. మరకలోంచి తీసిన డీఎన్‌ఏ ద్రావణాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర గానీ అంతకన్నా చల్లగా గానీ ఉంచాలి, దీర్ఘకాలానికి మైనస్ 80. పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే పాడవుతుంది, కాబట్టి మొదటిరోజే చిన్నచిన్న గొట్టాల్లోకి పంచి పెట్టుకోవాలి. ఒక్కో గొట్టం ఎవరు ఎప్పుడు తెరిచారో గొట్టం నంబరు వారీగా రాయాలి, పెట్టె వారీగా కాదు.

సుహాసిని

నమూనా నాశనం, గడువు తేదీ, బాధితుల మినహాయింపు, మరక నిల్వ ముసాయిదాలో రాస్తున్నాను. వంశావళి వెతుకులాట మీద ఇంకా తేలలేదు. నీరజ గారూ, జడ్జి ముందు పెట్టే దరఖాస్తులో ఏ వివరాలుండాలో ఒక నమూనా పెట్టగలరా? చెట్టు కాగితాల నాశనానికి గడువు కూడా అందులోనే రాద్దాం.